తిరగబెట్టిన మైలోమాకు కాంబినేషన్ మందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మల్టిపుల్ మైలోమా, అంటే ఎముక మజ్జలోని ప్లాస్మా కణాలకు వచ్చే క్యాన్సర్, ఒకసారి అదుపులోకి వచ్చి మళ్లీ తల ఎత్తినప్పుడు, రోగులూ ఇంట్లోవాళ్లూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. కీమో డేకేర్‌లో మందులు సిద్ధం చేసే పని నాది, అందుకే ఇవి రోజూ వింటుంటాను. డాక్టరు గదిలో అడగడానికి మొహమాటపడి, బయటికొచ్చాక మమ్మల్ని అడిగేవే ఎక్కువ. అందుకే ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోండి. డోసుల అంకెలు విషయం అర్థం కావడానికి రాసినవి, మీరు వేసుకోవాల్సిన డోసు మాత్రం మీ చీటీలో ఉన్నదే.

## తిరగబెట్టిందని తెలిసినప్పుడు

రిపోర్టులో ఎమ్ ప్రోటీన్ కాస్త పెరిగింది. జబ్బు తిరగబెట్టినట్టేనా?

ఎమ్ ప్రోటీన్ అంటే మైలోమా కణాలు తయారుచేసే అసాధారణ ప్రోటీన్. ఒక్క రిపోర్టు చూసి తిరగబెట్టిందని అనరు. చికిత్సలో మీకు వచ్చిన అతి తక్కువ అంకెతో పోలిస్తే 25 శాతం పెరగాలి, ఆ పెరుగుదల డెసిలీటరుకు కనీసం 0.5 గ్రాములు ఉండాలి, మళ్లీ చేయించిన పరీక్షలో కూడా అది నిలబడాలి. 0.3 నుంచి 0.5కి వెళ్తే శాతంలో చూస్తే 66 అవుతుంది, గుండె ఝల్లుమంటుంది, కానీ పెరిగింది 0.2 మాత్రమే కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోరు. రక్తంలో, మూత్రంలో ఎమ్ ప్రోటీన్ కొలిచేంత లేనివాళ్లకు ఫ్రీ లైట్ చైన్లు, అంటే ఆ కణాలు వదిలే యాంటీబాడీ ముక్కలు, చూస్తారు. వాటిలో కప్పా, లాంబ్డా అనే రెండు రకాల మధ్య తేడా 25 శాతంతో పాటు లీటరుకు 100 మిల్లీగ్రాములకు మించి పెరగాలి. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించుకోండి. ల్యాబు మారితే అంకె మారడం మామూలే, దానికి టెన్షన్ పడి నిద్ర పాడుచేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

నాకు ఏ బాధా లేదు. అయినా మందు మొదలుపెట్టాలా?

వెంటనే అక్కర్లేకపోవచ్చు. అంకెలు మాత్రమే పెరిగి, ఒంట్లో ఏమీ కనిపించకపోతే నెలకోసారి పరీక్ష చేస్తూ ఆగి చూడటం సరైన వైద్యమే, నిర్లక్ష్యం కాదు. అయితే రెండు నెలల లోపే ఎమ్ ప్రోటీన్ రెట్టింపైతేనో, మొదటిసారి జబ్బు కిడ్నీ ఫెయిల్యూర్‌తో బయటపడి ఉంటేనో, జన్యు పరీక్షలో ప్రమాదకరమైన మార్పులు ఉంటేనో ఆగరు. కొత్తగా ఎముక విరగడం, కాల్షియం పెరగడం, హిమోగ్లోబిన్ 2 గ్రాములు పడిపోవడం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కడం, వీటిలో ఏది కనిపించినా మందు వెంటనే మొదలవ్వాలి.

మజ్జ పరీక్ష ఒకసారి చేశారుగా, మళ్లీ ఎందుకు?

తిరిగి వచ్చిన జబ్బు మొదటిసారి వచ్చినట్టే ఉండాలని లేదు. మందులను తట్టుకుని బతికిన కణాలు పెరిగి వస్తాయి కాబట్టి, 17వ క్రోమోజోమ్‌లో ముక్క పోవడం, 1వ క్రోమోజోమ్‌లో 1క్యూ అనే భాగం అదనంగా చేరడం లాంటి మార్పులు అప్పుడు లేకపోయినా ఇప్పుడు ఉండొచ్చు. పెట్ సీటీ స్కాన్ కూడా అందుకే అడుగుతారు, మజ్జ బయట ఎక్కడైనా గడ్డలు కట్టాయేమో తెలుస్తుంది.

ఈసారైనా పూర్తిగా నయమవుతుందా?

సూటిగా చెప్పాలంటే, ఇది చాలామందిలో పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకుంటూ సాగే జబ్బు. సాధారణంగా ప్రతి దఫా అదుపులో ఉండే కాలం ముందు దఫా కంటే తగ్గుతుంది. అందుకే తిరగబెట్టిన మొదటిసారే గట్టి కాంబినేషన్ ఇవ్వాలని చూస్తారు, మంచిదాన్ని చివరికి దాచుకోవడంలో అర్థం లేదు.

## కాంబినేషన్ ఎంచుకునేటప్పుడు

ఒక మందు చాలదా? మూడు ఎందుకు?

ఒంట్లో ఉన్న మైలోమా కణాలన్నీ ఒక రకం కావు, ఒక మందుకు లొంగనివి ఇంకోదానికి లొంగుతాయి. బోర్టెజోమిబ్, కార్ఫిల్జోమిబ్, ఇక్సాజోమిబ్ కణంలో పాడైన ప్రోటీన్లను వదిలించే యంత్రాంగాన్ని అడ్డుకుంటాయి. లెనాలిడోమైడ్, పోమాలిడోమైడ్ కణానికి అవసరమైన కొన్ని ప్రోటీన్లను నాశనం చేయిస్తాయి, రోగనిరోధక శక్తిని కూడా ఉసిగొల్పుతాయి. డారాటుముమాబ్, ఐసాటుక్సిమాబ్ కణం పైనున్న సీడీ38ని పట్టుకునే యాంటీబాడీలు. వీటిలో రెండు రకాలు తీసుకుని డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ (మేం డెక్సా అంటాం) జత చేస్తే మామూలుగా వాడే మూడు మందుల కాంబినేషన్ అవుతుంది. తేడా చిన్నదేమీ కాదు: పోలక్స్ ట్రయల్లో లెనాలిడోమైడ్, డెక్సా మాత్రమే వాడినవాళ్లలో జబ్బు ముదరకుండా ఉన్న మధ్యస్థ కాలం 17.5 నెలలు, దానికి డారాటుముమాబ్ కలిపితే 44.5 నెలలు.

పక్క బెడ్ ఆయనదీ ఇదే జబ్బు. ఆయనకో కాంబినేషన్, నాకో కాంబినేషన్ ఎందుకు?

అన్నిటికంటే ఎక్కువగా వినే ప్రశ్న ఇది. జబ్బు తిరిగి వచ్చేనాటికి మీరు ఏ మందు మీద ఉన్నారన్నదే అసలు సంగతి. ఒక మందు వాడుతుండగానో, ఆపిన 60 రోజుల లోపో జబ్బు పెరిగితే ఆ మందుకు జబ్బు మొండికేసిందని లెక్క. అంతేగానీ ఎప్పుడో వాడి, బాగా పనిచేసి, కోర్సు అయిపోయి ఆపేసిన మందు ఇంకా మన చేతిలో ఉన్నట్టే.

మూలకణాల ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత రోజుకు 10 మిల్లీగ్రాముల లెనాలిడోమైడ్ వేసుకుంటూ ఉండగా జబ్బు తిరగబెట్టిందనుకోండి, ఇది ఇప్పుడు చాలా మామూలు పరిస్థితి, అప్పుడు లెనాలిడోమైడ్ ఉన్న కాంబినేషన్లు పక్కకు పోతాయి. కార్ఫిల్జోమిబ్, డెక్సాలకు డారాటుముమాబ్‌నో ఐసాటుక్సిమాబ్‌నో కలపడం, లేదా పోమాలిడోమైడ్ ఆధారంగా నడవడం మంచి దారులు. లెనాలిడోమైడ్ ఎప్పుడూ వాడనివాళ్లకైతే డారాటుముమాబ్, లెనాలిడోమైడ్, డెక్సా ఇంకా బలమైన ఎంపికే. ఈ మధ్య మొదటి చికిత్సలోనే డారాటుముమాబ్ ఇచ్చేస్తున్నారు కాబట్టి దాని మీదే జబ్బు పెరిగినవాళ్లు కూడా వస్తున్నారు. వాళ్లకు కార్ఫిల్జోమిబ్‌తో పోమాలిడోమైడ్‌నో సైక్లోఫాస్ఫమైడ్‌నో కలపడం, సెలినెక్సార్‌తో బోర్టెజోమిబ్, లేదా నేరుగా కార్-టి (రోగి టీ కణాలనే మార్చి తిరిగి ఎక్కించే చికిత్స) లాంటి వాటి గురించి ఆలోచిస్తారు. దీనికి మీ కిడ్నీ, గుండె, నరాలు, ఆస్పత్రికి ఎన్నిసార్లు రాగలరు అన్నవి కూడా కలిశాక చీటీ రాస్తారు. పక్క బెడ్ ఆయన చీటీతో పోలిక కుదరదు.

ఇంతకుముందు బాగా పనిచేసిన మందునే మళ్లీ ఇస్తారా?

ఇవ్వొచ్చు, అది వాడుతుండగా జబ్బు పెరగకపోతే, ఆపి చాలాకాలమైతే, అప్పట్లో పెద్ద ఇబ్బంది పెట్టకపోతే. మొదటి ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత రెండు మూడేళ్లకు పైగా జబ్బు నిద్రపోయి ఉంటే రెండో ట్రాన్స్‌ప్లాంట్ మాట కూడా వస్తుంది. ఏడాదిలోపే తిరగబెట్టినవాళ్లకు దానివల్ల పెద్దగా ఒరిగేది ఉండదు.

నెట్‌లో 44 నెలలని ఉంది. నాకూ అంతేనా?

అంతే ఉండాలని లేదు. మధ్యస్థం అంటే సగం మందికి అంతకంటే తక్కువ, సగం మందికి అంతకంటే ఎక్కువ. పైగా ట్రయల్లో చేరడానికి కిడ్నీ, రక్తకణాలు, ఓపిక అన్నీ ఒక మోతాదులో ఉండాలి. అమెరికాలో మామూలు ఆస్పత్రుల రోగులను నమోదు చేసిన కనెక్ట్ ఎమ్ఎమ్ రిజిస్ట్రీలో, కొత్తగా జబ్బు తేలినవాళ్లనే చూసినా, దాదాపు 40 శాతం మంది ట్రయల్ షరతులకు తూగలేదు. రోజువారీ వైద్యంలో వయసు ఎక్కువ, డోసులు మధ్యలో తప్పుతాయి, ఇన్ఫెక్షన్లు వస్తాయి, ఫలితం ట్రయల్ అంకెల కంటే తగ్గుతుంది.

ఇంకో పొరపాటు కూడా చూస్తుంటాను. రెండు వేర్వేరు ట్రయల్స్ అంకెలు పక్కపక్కన పెట్టి ఇది గొప్ప, అది దండగ అని తేల్చేస్తారు. ఇకారియా ట్రయల్లో ఐసాటుక్సిమాబ్, పోమాలిడోమైడ్, డెక్సాతో వచ్చింది 11.5 నెలలే. కానీ అందులో చేరినవాళ్లు కనీసం రెండు రకాల చికిత్సలు దాటి వచ్చినవాళ్లు, లెనాలిడోమైడ్ అందరూ అప్పటికే వాడేసినవాళ్లు. ఆ పరిస్థితిలో ఐసాటుక్సిమాబ్ లేకుండా వచ్చింది 6.5 నెలలు. పోల్చాల్సింది ఆ రెండింటిని.

అమ్మకు 78 ఏళ్లు. మూడు మందులు తట్టుకోగలదా?

వయసు కంటే ఓపిక ముఖ్యం. తన పనులు తానే చేసుకుంటుందా, మందులూ డబ్బులూ తనే చూసుకోగలదా, ఇతర జబ్బులు ఎన్ని ఉన్నాయి, ఇవన్నీ డాక్టర్లు లెక్కేస్తారు. బలహీనంగా ఉంటే రెండు మందులతో మొదలుపెట్టి, నెమ్మదిగా మూడోది కలపడం మామూలే. డెక్సా వారానికి 40 మిల్లీగ్రాములకు బదులు 20 లేదా ఇంకా తక్కువ ఇస్తారు, బోర్టెజోమిబ్ వారానికి రెండుసార్లకు బదులు ఒకసారి ఇస్తారు. "డోసు తగ్గించారంటే ఆశ వదిలేసుకున్నారా" అని అడుగుతుంటారు. కాదు. పూర్తి డోసుతో రెండు నెలలకే ఆపేయాల్సి రావడం కంటే, తగ్గించిన డోసుతో ఏడాది నడవడం మేలని నా గట్టి నమ్మకం.

నాన్నకు కిడ్నీ దెబ్బతింది, డయాలసిస్ కూడా అవుతోంది. మందులు ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. నిజానికి మైలోమా వల్లే కిడ్నీ పాడైతే మందు ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. బోర్టెజోమిబ్, డారాటుముమాబ్ డోసు కిడ్నీ కోసం మార్చనక్కర్లేదు. లెనాలిడోమైడ్ మాత్రం కిడ్నీ గుండానే బయటికి పోతుంది కాబట్టి డోసు 25 మిల్లీగ్రాముల నుంచి బాగా తగ్గుతుంది, డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు 5 మిల్లీగ్రాములు, డయాలసిస్ రోజున అది అయ్యాక. నడుంనొప్పికి డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు సొంతంగా వేయకండి, మిగిలిన కిడ్నీ కూడా పోతుంది.

గుండె జబ్బు ఉన్నవాళ్లకు కార్ఫిల్జోమిబ్ ఇవ్వరా?

జాగ్రత్తగా చూసి ఇస్తారు, గుండె బాగా బలహీనంగా ఉంటే వేరే దారి చూస్తారు. బీపీ పెరగడం, ఆయాసం, హార్ట్ ఫెయిల్యూర్ ఈ మందుతో తెలిసిన ఇబ్బందులే. ముందు ఎకో తీస్తారు, బీపీ అదుపులో ఉందో లేదో చూస్తారు. మొన్నటిదాకా సునాయాసంగా ఎక్కిన మెట్లు ఇప్పుడు మధ్యలో ఆగి ఎక్కాల్సి వస్తుంటే, వయసైపోయిందని సర్దిచెప్పుకోకుండా ఆ రోజే చెప్పండి.

## మందులు నడుస్తుండగా

పాదాల్లో తిమ్మిర్లు మొదలయ్యాయి. చెబితే మందు ఆపేస్తారేమోనని భయం.

ఈ భయంతో దాచిపెట్టేవాళ్లే ఎక్కువ, అదే అసలు నష్టం. బోర్టెజోమిబ్ నరాల మీద పనిచేస్తుంది. మొదట్లోనే చెబితే వారానికి ఒకసారికి మారుస్తారు, లేదా డోసును శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 1.3 మిల్లీగ్రాముల నుంచి 1.0కి, తర్వాత 0.7కి తగ్గిస్తారు, చాలామందిలో తిమ్మిర్లు తగ్గుముఖం పడతాయి. రక్తనాళంలోకి కాకుండా చర్మం కింద ఇవ్వడం మొదలుపెట్టాక ఈ సమస్య బాగా తగ్గింది కూడా. "తిమ్మిర్లున్నాయా" అని అడిగితే చాలామంది లేవనే అంటారు, అందుకే నేను వేరేలా అడుగుతాను: చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతోందా, చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియట్లేదా, రాత్రి దుప్పటి తగిలినా మంటగా ఉందా? వీటిలో ఒక్కదానికి అవునన్నా తర్వాతి ఇంజెక్షన్‌కు ముందే డాక్టరుకు తెలియాలి.

డెక్సా వేసుకున్న రాత్రి నిద్రే లేదు, రెండు రోజుల తర్వాత నీరసం. ఆపేయొచ్చా?

మీ అంతట మీరు ఆపొద్దు. ఉదయం టిఫిన్ తిన్నాక వేసుకుంటే రాత్రి కొంత నయం. ఆ రోజు హుషారు, చిరాకు, ఆకలి, రెండు మూడు రోజులకు ఒళ్లు పట్టు తప్పినట్టు ఉండటం ఈ మందు స్వభావం, మీ మనసు పాడైపోయిందని అనుకోకండి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచితే ఆ రోజు గొడవలు తగ్గుతాయి. షుగర్ ఉంటే ఆ రోజూ మర్నాడూ తప్పకుండా చూసుకోండి. జబ్బు అదుపులోకి వచ్చాక ముందుగా తగ్గించే మందు ఇదే, కాబట్టి అడగడంలో తప్పులేదు.

క్యాన్సర్‌కు మందిస్తూ ఆస్పిరిన్, అసైక్లోవిర్ ఎందుకు రాశారు?

లెనాలిడోమైడ్, పోమాలిడోమైడ్, అందులోనూ డెక్సాతో కలిపితే, కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. మామూలు ముప్పు ఉన్నవాళ్లకు ఆస్పిరిన్ చాలు, ఇదివరకు గడ్డకట్టినవాళ్లకు ఇంకా బలమైన మందు కావాలి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే వెంటనే వెళ్లాలి. బోర్టెజోమిబ్, కార్ఫిల్జోమిబ్, డారాటుముమాబ్ మీద ఉన్నవాళ్లలో సర్పి లేచే అవకాశం ఎక్కువ, అసైక్లోవిర్ దానికి. ఒంట్లో బాగుందని మానేసేది ఎక్కువగా ఈ రెండు మాత్రలనే.

డారాటుముమాబ్ మొదలుపెట్టేముందు బ్లడ్ గ్రూప్ కార్డు ఇచ్చారు. దేనికి?

ఈ మందు ఎర్ర రక్తకణాలకు కూడా అంటుకుంటుంది. దాంతో మీకు రక్తం ఎక్కించాల్సి వచ్చినప్పుడు బ్లడ్ బ్యాంకులో చేసే యాంటీబాడీ పరీక్ష తప్పుగా పాజిటివ్ వస్తుంది. చివరి డోసు తర్వాత ఆరు నెలల దాకా ఇలా జరగొచ్చు. మందుకు ముందే చేసి పెట్టిన పరీక్ష వివరాలు కార్డులో ఉంటాయి. ఎమర్జెన్సీలో వేరే ఆస్పత్రికి వెళ్లాల్సి వస్తే కార్డు పర్సులో ఉండాలి, బీరువాలో కాదు.

జ్వరం వస్తే పారాసెటమాల్ వేసి చూడొచ్చా?

వద్దు. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటితే రాత్రైనా సరే ఆస్పత్రికే. తెల్లకణాలు తక్కువున్నప్పుడు జ్వరాన్ని మాత్రతో అణిచిపెడితే ఇన్ఫెక్షన్ లోపల ముదురుతుంది.

ఒక రోజు మాత్ర మర్చిపోయాను. రేపు రెండు వేసుకోవాలా?

ఎప్పుడూ రెండు వేసుకోవద్దు. లెనాలిడోమైడ్, పోమాలిడోమైడ్ అయితే 12 గంటల లోపు గుర్తొస్తే వేసుకోండి, దాటితే వదిలేయండి. ఇక్సాజోమిబ్ వారానికి ఒక్కటే కాబట్టి తర్వాతి డోసుకు 72 గంటలకంటే ఎక్కువ సమయముంటేనే వేసుకోవాలి, అదీ ఖాళీ కడుపుతో, తిండికి గంట ముందు లేదా రెండు గంటల తర్వాత. లెనాలిడోమైడ్, పోమాలిడోమైడ్ గర్భంలో బిడ్డకు తీవ్రమైన లోపాలు తెస్తాయి, ఇంట్లో గర్భిణి ఉంటే ఆ క్యాప్సూళ్లను ఆమె ముట్టుకోకూడదు, ఎవరూ విప్పకూడదు.

లెనాలిడోమైడ్ నెలల తరబడి వాడాక విరేచనాలు పట్టుకున్నాయి. తిండి పడలేదా?

చాలాసార్లు తిండిది కాదు తప్పు. ఈ మందుతో పైత్యరసంలోని ఆమ్లాలు సరిగా పీల్చుకోబడక ఇలా అవుతుంది. దానికి వేరే మందుంది, తిండి మానేసి చిక్కిపోకండి.

గ్రీన్ టీ, విటమిన్ సి మాత్రలు, ఆకు మందులు వాడొచ్చా?

బోర్టెజోమిబ్ నడుస్తుంటే గ్రీన్ టీ, పెద్ద డోసు విటమిన్ సి మాత్రలు మానేయండి, ఇవి ఆ మందును నిర్వీర్యం చేస్తాయని ల్యాబు పరిశోధనల్లో తేలింది. ఆకు మందు ఏదైనా పేరు, డబ్బా రెండూ డాక్టరుకు చూపించాకే.

పన్ను పీకించుకోవాలి. ఆగాలా?

ఎముకలకు జోలెడ్రోనిక్ యాసిడ్ తీసుకుంటుంటే ముందు చెప్పాలి. దవడ ఎముక మానకుండా చచ్చుబడే ప్రమాదం ఉంది. కుదిరితే ఆ ఇంజెక్షన్ మొదలుపెట్టకముందే పళ్ల పని పూర్తిచేయించుకోండి.

## పనిచేస్తోందో లేదో తెలుసుకునేటప్పుడు

ఎన్నాళ్లకు తెలుస్తుంది?

ఎక్కువమందిలో ఒకటి రెండు సైకిళ్లకే, అంటే మందుల విడతలకే, అంకె కదులుతుంది. ఎమ్ ప్రోటీన్ సగానికి పడితే పాక్షిక స్పందన, 90 శాతం తగ్గితే చాలా మంచి పాక్షిక స్పందన అంటారు. నడుంనొప్పి మాత్రం ఎముక మానేదాకా ఉంటుంది, నొప్పి ఉంది కాబట్టి మందు పనిచేయట్లేదని అనుకోవద్దు.

అన్నీ బాగున్నాయి, కానీ ఎమ్ ప్రోటీన్ 0.1 దగ్గరే ఆగిపోయింది.

డారాటుముమాబ్ వాడుతున్నారా? అది కూడా ఐజీజీ కప్పా రకం యాంటీబాడీయే. పరీక్షలో ఆ చిన్న గీత మీ జబ్బుది కాక మందుదే కావొచ్చు, ముఖ్యంగా మీ మైలోమా కూడా అదే రకమైతే. రెండింటినీ విడదీసి చూపించే పరీక్షలున్నాయి, అడగండి.

ఎన్నాళ్లు వాడాలి? బాగయ్యాక ఆపేయొచ్చా?

తిరగబెట్టిన మైలోమాలో చాలా కాంబినేషన్లు జబ్బు మళ్లీ పెరిగేదాకా, లేదా శరీరం ఇక తట్టుకోలేని పరిస్థితి వచ్చేదాకా నడుస్తాయి. అయితే మొదటి నెలల్లో ఉన్నంత హడావుడి చివరిదాకా ఉండదు. లెనాలిడోమైడ్‌తో కలిపి ఇచ్చే డారాటుముమాబ్ మొదటి 8 వారాలు వారానికోసారి, తర్వాత 16 వారాలు రెండు వారాలకోసారి, ఆపైన నాలుగు వారాలకోసారి.

## మళ్లీ మార్చాల్సి వస్తే

కార్-టి, బైస్పెసిఫిక్ ఉండగా ఈ మూడు మందులు ఎందుకు?

కార్-టికి మీ టీ కణాలను తీసి, ల్యాబులో మార్చి, తిరిగి ఎక్కించడానికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో జబ్బును పట్టి ఉంచేది మామూలు కాంబినేషనే. 2024లో అమెరికా ఎఫ్‌డీఏ సిల్టా-సెల్ అనే కార్-టిని, లెనాలిడోమైడ్‌కు జబ్బు మొండికేసినవాళ్లకు, ఒక్క చికిత్స దాటినా చాలు ఇవ్వొచ్చని అనుమతించింది, కాబట్టి ఆ మాట ముందే అడగడం మంచిది. టెక్లిస్టమాబ్ లాంటి బైస్పెసిఫిక్ మందులు, అంటే ఒకవైపు మైలోమా కణాన్ని, ఇంకోవైపు టీ కణాన్ని పట్టుకునే యాంటీబాడీలు, రెడీగా దొరుకుతాయి, మొదట ఆస్పత్రిలో ఉంచి డోసును మెట్లుమెట్లుగా పెంచుతారు. వీటితో మొదటి రోజుల్లో జ్వరం, బీపీ పడిపోవడం, తికమక ఉండొచ్చు, తర్వాత నెలల్లో ఇన్ఫెక్షన్లే పెద్ద తలనొప్పి.

ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి. ఏం పట్టుకెళ్లాలి?

సంచీ నిండా ఫైళ్లకంటే ఒక్క కాగితం ఎక్కువ పనిచేస్తుంది. ఏ మందు ఏ నెలలో మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది. ఈ చివరి గడి ఖాళీగా పెట్టొద్దు: కోర్సు అయిపోయిందా, తిమ్మిర్ల వల్లా, జబ్బు పెరగడం వల్లా, మందు దొరక్కా, డబ్బు సరిపోకా? "బోర్టెజోమిబ్ వాడాం" అని మాత్రమే రాస్తే కొత్త డాక్టరు అది చేజారిపోయిన మందని అనుకోవచ్చు, "16 ఇంజెక్షన్లు, బాగా పనిచేసింది, కోర్సు అయిపోయి ఆపారు" అని ఉంటే అదే మందు మళ్లీ లెక్కలోకి వస్తుంది. దానికి మొదటి మజ్జ రిపోర్టు, క్రోమోజోమ్ పరీక్ష, పెట్ సీటీ, ఎమ్ ప్రోటీన్ అంకెలు తేదీలవారీగా జత చేయండి.